పాత సినిమాల ప్రత్యేక ప్రదర్శన: టికెట్టు కొనే ముందు ఏం అడగాలి?

వెనకవరుస:

దగ్గరలో ఉన్న ఒక చిన్న హాలువారు వారానికొక సాయంత్రం కొత్త బొమ్మను పక్కన పెట్టి, పాత క్లాసిక్కులను, మామూలు విడుదలకు నోచుకోని కళాత్మక చిత్రాలను వేస్తున్నారు. ఏడాదిగా దాదాపు ఒక్కటీ వదలకుండా చూస్తున్నాను. అలాంటి హాలు ఒకటి ఉండటమే గొప్ప అని తెలుసు కాబట్టి ఈ ఫిర్యాదును కాస్త మొహమాటంతోనే రాస్తున్నాను.

పోయిన వారం 1940ల నాటి నలుపు తెలుపు చిత్రం ఒకటి వేశారు. ప్రకటనలో ‘కొత్తగా పునరుద్ధరించిన ప్రతి’ అని ఉంది. మొదలైన రెండు నిమిషాలకే తేడా తెలిసిపోయింది. దగ్గరి షాట్లలో నటి నుదురు తెగిపోతోంది. ఆమె ఉత్తరం చదివే సన్నివేశంలో ఆ ఉత్తరమే తెర కింది అంచు దాటి పోయింది, సబ్‌టైటిల్ రెండో వరుసలో అక్షరాల పైభాగం మాత్రమే మిగిలింది. ఆట అయ్యాక అడిగితే ‘మాకు ఎలా వచ్చిందో అలాగే వేశాం’ అన్నారు. అంతకు ముందు నెలలో అదే తెర మీద అదే కాలపు ఇంకో చిత్రం ఎక్కడా తెగకుండా చక్కగా కనిపించింది.

తప్పు వచ్చిన ప్రతిలో ఉందా, వేసిన చేతిలో ఉందా? ‘పునరుద్ధరించిన’ అనే మాటకు అసలు అర్థం ఏమిటి? ఈ చిత్రాలన్నీ ఒక్క ఆటతో సరిపెడతారు కాబట్టి ఆ ఆట చెడిపోతే మళ్లీ చూసే వీలుండదు. టికెట్టు తీసుకునే ముందే తెలుసుకోదగినది ఏమైనా ఉంటే చెప్పగలరు.

కేబిన్‌కిటికీ:

చాలా ఏళ్లు ఆపరేటర్‌గా పనిచేశాను, ఫిల్మూ చూశాను, డిజిటలూ చూశాను. మీరు చెప్పినది ఫ్రేము నిష్పత్తి, అంటే బొమ్మ వెడల్పుకూ ఎత్తుకూ ఉండే లెక్క, తప్పడం. 1930ల ఆరంభం నుంచి 1953లో వెడల్పు తెరలు వచ్చేదాకా తీసిన చిత్రాల్లో అత్యధికం 1.37:1 నిష్పత్తిలో, అంటే దాదాపు చదరంగా ఉంటాయి. ఇప్పటి హాళ్లలోని డిజిటల్ ప్రొజెక్టర్‌కు ప్రధానంగా రెండు ఏర్పాట్లే తెలుసు: ఒకటి ఫ్లాట్, 1.85, రెండోది స్కోప్, 2.39. హాళ్లకు చిత్రం డీసీపీ అనే డిజిటల్ ఫైళ్ల మూటగా వస్తుంది. 2కే, అంటే దాదాపు రెండువేల పిక్సెళ్ల వెడల్పున్న డీసీపీలో ఫ్లాట్ అంటే 1998 × 1080 పిక్సెళ్లు, స్కోప్ అంటే 2048 × 858. పాత చదరపు బొమ్మను ఆ ఫ్లాట్ చట్రం నడుమ 1480 × 1080 కొలతలో కూర్చోబెట్టి, రెండు పక్కలా నలుపు వదులుతారు. ఆ నలుపు చూసి ‘తెర నిండలేదేమిటి’ అని కౌంటరు దగ్గర గొడవ పెట్టుకునేవారు ప్రతి హాలుకూ ఉంటారు, అది వేరే కథ.

బొమ్మ పైనా కిందా తెగడానికి రెండు దారులున్నాయి. మొదటిది, ఫ్లాట్ ఫైలు వేస్తూ ప్రొజెక్టర్‌ను స్కోప్ అమరికలో ఉంచేయడం. ముందు ఆటలో స్కోప్ బొమ్మ నడిచి, అమరిక మార్చడం మరిచిపోతే ఇలా అవుతుంది. అప్పుడు లెన్సు బొమ్మను మరింత పెద్దది చేస్తుంది. 1080 గీతల ఎత్తులో 858 మాత్రమే తెర మీద పడి, మిగిలినవి పైన నల్లగుడ్డ మీదా కింద గోడ మీదా పడతాయి. ఎత్తులో ఐదో వంతు పోయినట్టే. రెండవది, డీసీపీ కాకుండా బ్లూరే డిస్కు నుంచి వేస్తూ, ప్లేయర్‌లోనో ప్రొజెక్టర్‌లోనో ‘తెర నింపు’ తరహా మీట నొక్కి ఉంచడం. డిస్కు చట్రం 1.78 కాబట్టి చదరపు బొమ్మను దాని వెడల్పుకు సాగదీస్తే పైనా కిందా కలిపి దాదాపు నాలుగో వంతు పోతుంది.

ఈ రెండింటిని వేరు చేసే గుర్తు ఒకటుంది. మొదటి రకం పొరపాటులో బొమ్మ తెగినా పక్కల నలుపు మిగిలే ఉంటుంది, రెండో రకంలో ఉండదు. ఆ రోజు పక్కల నలుపు ఉందో లేదో గుర్తుకు తెచ్చుకోండి.

ఇంకో మాట. ఇలాంటిది కనిపిస్తే ఆట అయ్యేదాకా ఆగకండి. ఇప్పుడు చాలా హాళ్లలో ఆట దానంతట అదే మొదలవుతుంది, కేబిన్‌లో ఎవరూ ఉండకపోవచ్చు. మొదటి ఐదు నిమిషాల్లో బయటికి వచ్చి ఎవరికైనా చెబితే అమరిక మార్చడం క్షణాల పని. అరగంట తర్వాత చెబితే మొదటినుంచి వేయడానికి ఎవరికీ మనసొప్పదు. ‘ముందే వేసి చూసుకోవచ్చు కదా’ అనడం తేలికే గానీ, తాళం వేసిన డీసీపీకి వచ్చే కేడీఎం అనే డిజిటల్ తాళంచెవి హాల్లో బొమ్మను నడిపే ఒక్క సర్వర్‌కే, అదీ నిర్ణీత గంటల మధ్యే పనిచేస్తుంది. అది ఆటకు కాసేపటి ముందు గానీ తెరుచుకోని సందర్భాల్లో పరీక్షకు వ్యవధి ఉండదు.

రెండోఆట:

నేను ఒక ఫిల్మ్ సొసైటీకి కార్యక్రమాలు కూర్చుతుంటాను కాబట్టి మిగిలిన రెండు ప్రశ్నలకు జవాబిస్తాను.

ఒక్క ఆటే ఎందుకంటే, అనుమతి అలాగే దొరుకుతుంది కాబట్టి. డిస్కు కొన్నంత మాత్రాన దాన్ని హాల్లో వేసే హక్కు రాదు. ప్రదర్శన హక్కు ఎవరి దగ్గర ఉందో వెతికి, తేదీ చెప్పి, ఆ ఆటకు విడిగా అనుమతి తీసుకోవాలి. సాధారణంగా కనీస మొత్తం ఒకటీ, టికెట్ల వసూళ్లలో వాటా ఒకటీ ముందే మాట్లాడుకుంటారు, రెండింట్లో ఏది ఎక్కువైతే అది చెల్లించాలి. రెండో ఆట ఖాళీగా నడిస్తే మొదటి ఆటలో మిగిలింది కూడా పోతుంది. కొన్ని చిత్రాలకైతే హక్కుదారు ఎవరో తేలదు. నిర్మాణ సంస్థ మూతపడి, హక్కులు వారసుల మధ్య చీలిపోయి ఉంటాయి. ప్రింటు ఒక ఆర్కైవ్‌లో భద్రంగా ఉంటుంది గానీ, దాన్ని ప్రదర్శించుకోమనే అధికారం ఆ ఆర్కైవ్‌కు ఉండదు. ఇద్దరి దగ్గరా విడివిడిగా ‘సరే’ అనిపించుకున్నాకే బొమ్మ మీ ముందుకు వస్తుంది.

‘పునరుద్ధరించిన’ అనే మాట గురించి. ఉత్తమమైన పనిలో అసలు కెమెరా నెగెటివ్ నుంచి 4కే (2కేకి రెట్టింపు వెడల్పు) స్కాను తీసి, గీతలు, మరకలు, ఊగిసలాట సరిచేసి, వెలుగునీడలను చిత్రం తొలిసారి విడుదలైనప్పటి స్థితికి తెస్తారు. నెగెటివ్ లేకపోతే ఉన్నవాటిలో మంచి ప్రింటు వెతకాలి. సత్యజిత్ రాయ్ ‘అపు’ చిత్రత్రయం సంగతి చూడండి: 1993లో లండన్‌లోని ఒక ల్యాబులో జరిగిన అగ్నిప్రమాదంలో వాటి అసలు నెగెటివ్‌లు కాలిపోయాయి. ఆ కాలిన చుట్టలను అమెరికాలోని అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్ పారేయకుండా దాచింది. ఏళ్ల తరువాత ఇటలీలోని బొలోన్యా ల్యాబు పెళుసుబారిన ఫిల్ముకు తేమ పట్టించి, మనుషులే చేత్తో అతుకుతూ స్కాను చేయగలిగినంత చేసింది. బొత్తిగా పనికిరానిచోట ఇతర ప్రతుల నుంచి తెచ్చి పూరించారు. 2015లో ఆ ప్రతులు హాళ్లకు వచ్చాయి.

అయితే ఇదంతా ల్యాబులో జరిగిన పని గురించిన మాట. అలా బాగుచేసిన చిత్రమే ఒక హాలుకు 4కే డీసీపీగా, ఇంకో హాలుకు 2కే డీసీపీగా, వేరొక చోటికి బ్లూరేగా చేరవచ్చు. మూడు చోట్లా ప్రకటనలో ‘పునరుద్ధరించిన ప్రతి’ అనే రాస్తారు, మూడు చోట్లా అది అబద్ధం కాదు. కనుక టికెట్టుకు ముందు మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘ఈ సాయంత్రం దేని నుంచి వేస్తున్నారు?’ డిస్కు అని చెబితే వెంటనే మొహం చిట్లించకండి. డీసీపీ తయారే కాని చిత్రాలు బోలెడు ఉన్నాయి, హక్కుదారులే డిస్కు నుంచి వేసుకోమని అనుమతిస్తారు. మేమూ వేశాం. కానీ ఆ సంగతి ప్రకటనలో రాశాం.

గులాబీప్రింటు:

పై ఇద్దరితోనూ విభేదించను గానీ, చర్చ ఇలాగే సాగితే కొత్తగా వచ్చేవారు పాత ప్రింటు అంటేనే భయపడతారేమోనని రాస్తున్నాను. ఒకసారి 35 ఎంఎం ఫిల్ము మీద 1970ల నాటి రంగుల చిత్రం చూశాను. ఆ కాలపు ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో నీలి ఛాయ ముందుగా వెలిసిపోతుంది కాబట్టి ఆకాశం, చెట్లు, మనుషులు, అంతా గులాబీమయం. రీలు చివర కుడి మూలన చుక్క ఒకటి మెరిసి, ఏడెనిమిది సెకన్లకు మరోటి మెరిసేది. ఆపరేటర్‌కు అదే సంకేతం, తర్వాతి రీలుతో రెండో ప్రొజెక్టర్ మిషన్ అందుకునేది. మొదటి పావుగంట ఆ గులాబీని తిట్టుకున్నాను. ఆ తర్వాత కళ్లు అలవాటుపడ్డాయి, నవ్వాల్సిన చోట హాలంతా ఒకేసారి నవ్వింది. మళ్లీ వేస్తే మళ్లీ వెళ్తాను. ప్రింటుకు వయసు మీద పడటం ఒకటి, ఆపరేటర్ నిర్లక్ష్యం ఇంకొకటి. వెనకవరుస గారికి జరిగింది రెండోది, దానికి మాత్రం క్షమాపణ చెప్పించుకోవాల్సిందే.

కేబిన్‌కిటికీ:

ఆ చుక్కలను గమనించే ప్రేక్షకులు ఇంకా ఉన్నందుకు సంతోషం. ఒక్క విషయం కలుపుతాను. ఆర్కైవ్‌లు 35 ఎంఎం ప్రింటు అరువిచ్చేటప్పుడు చాలాసార్లు రెండు మిషన్లున్న హాలుకే ఇస్తాయి. రీళ్లన్నీ అతికి ఒకే పెద్ద చుట్టగా నడపాలంటే ప్రతి రీలు తలా తోకా కోయాలి. కోసిన ప్రతిసారీ కొన్ని ఫ్రేములు పోతాయి. రెండువేల అడుగుల రీలు ఇరవై రెండు నిమిషాలు నడుస్తుంది కాబట్టి రెండు గంటల బొమ్మకు ఐదారుసార్లు మిషన్ మార్చాలి, అంతసేపూ మనిషి కేబిన్‌లో నిలబడే ఉండాలి. కాబట్టి ‘35 ఎంఎం ప్రదర్శన’ అని ప్రకటన చూస్తే, కనీసం పైన ఒకరు మేలుకుని ఉన్నారన్న భరోసా మీకుంటుంది.

వెనకవరుస:

అందరికీ కృతజ్ఞతలు. బాగా గుర్తుచేసుకున్నాను, ఆ రోజు పక్కల నలుపు లేదు. తెర ఆ చివర నుంచి ఈ చివరకు నిండిపోయి ఉంది. ఆ గుర్తు పట్టుకుని వెళ్లి మేనేజర్‌ను మర్యాదగానే అడిగాను. రావలసిన డీసీపీ సమయానికి చేరలేదట, హక్కుదారుల అనుమతితోనే డిస్కు నుంచి వేశారట. ప్లేయర్ అమరిక తెర నింపేలా ఉన్న సంగతి ఆయనకూ నేను చెప్పేదాకా తెలియదు. నాతోపాటు కేబిన్‌లోకి వచ్చి, ఆ ఉత్తరం సన్నివేశం దగ్గర ఆపి, అమరిక మార్చి చూపించారు. ఉత్తరం కనిపించింది, మీద రాసిన పేరుతో సహా. ఇకపై ప్రకటనలో దేని నుంచి వేస్తున్నారో కూడా రాస్తామన్నారు.

నిన్నటి ఆటకు పది నిమిషాల ముందే వెళ్లి కూర్చున్నాను. దీపాలు ఆరే ముందు, తెరకు రెండు పక్కలా ఉన్న నల్లగుడ్డలు మెల్లగా లోపలికి జరిగి, చదరపు బొమ్మకు సరిపడా చోటు వదిలి ఆగాయి.