ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకోమంటున్నారు, శుక్రవారంలోగా చెప్పాలి

మదనపల్లె మెకానికల్:
అన్నలకు, అక్కలకు నమస్తే. మాది మదనపల్లె దగ్గర పల్లె, నాన్న టమాటా వేస్తాడు. 2023లో మెకానికల్ బీటెక్ అయిపోయింది, 64 శాతం. క్యాంపస్‌కి వచ్చిన కంపెనీలు మా బ్రాంచిని పిలవలేదు. ఏడాది ఇంటి దగ్గరే ఉండి బ్యాంకు పరీక్షలు రాశాను, ప్రిలిమ్స్ దాటలేదు. తర్వాత అమీర్‌పేట వచ్చి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేశాను. ఎస్సార్ నగర్ హాస్టల్లో నలుగురి గది, నెలకు 6,500. వచ్చి పది నెలలైంది.

ఒకసారి మాదాపూర్‌లో వాకిన్ ఉందంటే పొద్దున ఆరింటికే వెళ్లి లైన్లో నిలబడ్డాను. గేటు దగ్గరే పాసవుట్ ఇయర్ అడిగి పంపేశారు. ఆ సాయంత్రం అమ్మకు ఫోన్లో ఇంటర్వ్యూ బాగా జరిగిందని చెప్పాను. ఆ అబద్ధం గుర్తొస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఇప్పుడు ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఏడాదిన్నర అనుభవం పెడతామంటున్నారు. ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ అన్నీ వాళ్లే ఇస్తారట. 90,000 అడుగుతున్నారు, సగం ముందు, సగం ఉద్యోగం వచ్చాక. అప్పటిదాకా నా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉండాలట. మా గదిలో ఇద్దరు ఇలాగే చేరారు, ఒకడికి జీతం కూడా పడుతోంది. పంట డబ్బులొస్తే పంపుతానని నాన్న అంటున్నాడు. ఎందుకో ఆయనకు చెప్పలేదు. తప్పని తెలుసు. కానీ నిజం రాసిన రెజ్యూమేని ఎవరూ చూడటం లేదు. టెన్షన్‌తో తిండి సహించడం లేదు.

వెరిఫికేషన్ అక్క:
తమ్ముడూ, ముందు ఒక్క మాట. ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

నేను ఎనిమిదేళ్లుగా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పని చేస్తున్నాను. లెటర్‌హెడ్ ఎంత బాగుందో మేం చూడం, యూఏఎన్, అంటే పీఎఫ్ నంబరు అడుగుతాం. పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో ఎక్కడ ఎప్పుడు చేరావు, ఎప్పుడు మానేశావు అన్నీ ఉంటాయి. పాస్‌బుక్‌లో నెలనెలా జమ కనిపిస్తుంది. "చిన్న కంపెనీ, పీఎఫ్ లేదని చెప్పు" అని నేర్పిస్తారు. ఇరవై మందిలోపు ఉన్న సంస్థకు పీఎఫ్ తప్పనిసరి కాదు, ఆ మాట నిజమే. అప్పుడు జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు చూపించమంటాం. నీ పేరు మీద కట్టిన పన్ను చూపించే ఫారం 26ఏఎస్ అడిగే కంపెనీలూ ఉన్నాయి.

నీ గదిలో అబ్బాయికి జీతం పడుతోందంటే గట్టెక్కినట్టు కాదు. చాలాచోట్ల చేరాకే వెరిఫికేషన్ మొదలవుతుంది. పోయినేడాది ఒక అబ్బాయి ఫైలు నా దగ్గరికొచ్చింది. చేరి పద్నాలుగు నెలలు. పని బాగా చేస్తాడని మేనేజరే రాశాడు. పాత కంపెనీ అని ఇచ్చిన చిరునామాకి మా మనిషి వెళ్తే అక్కడ టైలర్ షాపు ఉంది. అబ్బాయిని తీసేశారు. నిజంగా పనిచేసిన ఆ పద్నాలుగు నెలలకు కూడా రిలీవింగ్ లెటర్ రాలేదు. ఆ రిపోర్టు రాసింది నేనే. నీ పోస్టు చదువుతుంటే అతనే గుర్తొచ్చాడు.

టూల్‌రూమ్ వనపర్తి:
బ్రదర్, నేనూ మెకానికలే. అమీర్‌పేటలో ఆర్నెల్లు నేనూ ఉన్నాను. తర్వాత బాలానగర్‌లో సీఐటీడీకి వెళ్లాను, అదే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్. కేంద్ర ప్రభుత్వానిది, 1968 నుంచి ఉంది. టూల్ డిజైన్, సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్లు), క్యాడ్ (కంప్యూటర్‌లో డ్రాయింగ్) కోర్సులుంటాయి. అక్కడ ఆకురాయితో ఫైలింగ్ చేసి చేసి చేతులు బొబ్బలెక్కాయి. మొదటి ఉద్యోగం చర్లపల్లిలో అచ్చులు తయారుచేసే ఒక మోల్డ్ షాపులో, 16,000. ఇంటర్వ్యూలో పాసవుట్ ఇయర్ అడగలేదు. డ్రాయింగ్ ముందు పెట్టి, ఈ సైజుకి టాలరెన్స్ (ఎంత తేడా ఒప్పుకోవచ్చో) ఎంత, ఏ మెషిన్ మీద తీస్తావు అని అడిగారు. ఏడేళ్లయింది, ఇప్పుడు మోల్డ్ డిజైన్‌లో 58,000.

సులువని చెప్పను. నైట్ షిఫ్టులున్నాయి. మొదటి రెండేళ్లు చుట్టాల పెళ్లిళ్లకు వెళ్లాలంటే మనసొప్పేది కాదు, అందరూ జీతమే అడుగుతారు. ఫీజు కట్టేముందు ఒకసారి లోపలికెళ్లి మెషిన్లు చూడు, చదివేవాళ్లతో మాట్లాడు.

ఉప్పల్ నుంచి:
నాట్స్, అదే కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేసుకున్నావా? ఏడాది అప్రెంటిస్‌షిప్, స్టైపెండ్ ఇస్తారు. ఈసీఐఎల్, బీడీఎల్ లాంటి సంస్థలు గ్రాడ్యుయేట్లను అలా తీసుకుంటుంటాయి. తర్వాత పర్మనెంట్ చేస్తారనుకోకు. కానీ ఏడాది ఉద్యోగ అనుభవం ఉన్నవాళ్లకు ఇది కుదరదు, కాబట్టి ఇప్పుడే చూసుకో.

మదనపల్లె మెకానికల్:
రాత్రి నాన్నకు ఫోన్ చేసి అంతా చెప్పాను, మాదాపూర్ సంగతి కూడా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "సర్టిఫికెట్లు ఇచ్చేసినావా?" అని అడిగినాడు. లేదన్నాను. "సరే, బువ్వ తిన్నావా?" అన్నాడు.

అక్కా, కన్సల్టెన్సీకి రానని మెసేజ్ పెట్టేశాను. నాట్స్‌లో పేరు కూడా నమోదు చేశాను. టూల్‌రూమ్ అన్నా, సోమవారం సీఐటీడీకి వెళ్తున్నాను. ఎస్సార్ నగర్‌లో మెట్రో ఎక్కి బాలానగర్ స్టేషన్‌లో దిగితే ఆటో దొరుకుతుందా? మెషిన్ డ్రాయింగ్ చదివి నాలుగేళ్లయింది, దేంతో మొదలుపెట్టాలి?

టూల్‌రూమ్ వనపర్తి:
దొరుకుతుంది. ఫస్ట్ యాంగిల్, థర్డ్ యాంగిల్ తేడా చూసుకో, తర్వాత లిమిట్స్ అండ్ ఫిట్స్. ఆదివారం మధ్యాహ్నం నాకు సెలవు, మెసేజ్ పెట్టు. నా పాత డ్రాయింగులు కొన్ని ఉన్నాయి, కూర్చుని చూద్దాం. ఒరిజినల్స్ గదిలోనే పెట్టి రా, జిరాక్సులు చాలు.