టాప్ పిక్ చేతికొస్తే కుర్రాణ్ణి తీసుకోవాలా, ట్రేడ్ చెయ్యాలా? మీ టీమ్‌కి ఏం జరిగిందో చెప్పండి

ఇర్వింగ్_మావ్స్
అందరికీ నమస్కారం. ఉండేది డల్లాస్ పక్కన, మావ్స్ (డల్లాస్ మావెరిక్స్) అభిమానిని. 2025 ఫిబ్రవరిలో లూకా డాంచిచ్‌ని లేకర్స్‌కి ఇచ్చి ఆంథొనీ డేవిస్‌ని తెచ్చుకున్నాక ఇక్కడ ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) పేరెత్తితే చాలు, జనానికి కోపం వచ్చేది. డ్రాఫ్ట్ అంటే కొత్త కుర్రాళ్ళని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకోవడం, ఆ వంతే పిక్; ఎక్కువ ఓడిన టీమ్‌లకి ముందు వంతు దక్కే అవకాశం ఎక్కువ, అది లాటరీలో తేలుతుంది. మూడు నెలలకి ఆ లాటరీలో 1.8 శాతం అవకాశంతో మొదటి పిక్ మాకు తగిలింది. కూపర్ ఫ్లాగ్‌ని తీసుకున్నారు.

అప్పుడు మొదలైన వాదన మా మిత్రుల మధ్య ఇప్పటికీ తెగలేదు. సగం మంది అనేది ఇది: డేవిస్‌కి అప్పటికే 32, కైరీ ఇర్వింగ్‌కి మార్చిలో మోకాలి లిగమెంట్ తెగింది, 18 ఏళ్ళ పిల్లాడు ఎదిగేదాకా వీళ్ళు ఆగలేరు, కాబట్టి ఆ పిక్‌తో తయారైన స్టార్‌ని తెచ్చుకోవాల్సింది. నేను ససేమిరా ఒప్పుకోను. అలాంటి పిక్ మళ్ళీ రాదు.

ఊరికే అభిప్రాయాలు వద్దండి. మీరు ఏళ్ళ తరబడి చూస్తున్న టీమ్ ఏం ఇచ్చింది, ఏం తెచ్చుకుంది, చివరికి ఏమైంది, అది రాయండి.

ఫ్రీమాంట్_డబ్స్
మాది గోల్డెన్ స్టేట్. మీ ప్రశ్న మేము 2020లోనే ఎదుర్కొన్నాం.

2019-20లో మా స్టార్లలో స్టెఫ్ కరీకి చెయ్యి విరిగింది, క్లే థాంప్సన్ అసలు ఆడలేదు, టీమ్ 15 గెలిచి 50 ఓడింది. దాంతో రెండో పిక్ వచ్చింది. కరీ ఇంకా మంచి ఫామ్‌లో ఉండాల్సిన వయసులోనే ఉన్నాడు కాబట్టి పిక్ ఇచ్చేసి అనుభవం ఉన్నవాణ్ణి తేవాలని ఇక్కడ చాలామంది గట్టిగా అన్నారు. నేనూ ఆ పక్షమే. తీరా నవంబర్‌లో డ్రాఫ్ట్ జరిగే రోజే, ఇంకొన్ని గంటలుందనగా, క్లేకి మడమ దగ్గర అకిలీస్ తెగిందని వార్త. ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరికీ టీవీ పెట్టాలనిపించలేదు.

తీసుకున్నది జేమ్స్ వైజ్‌మన్‌ని. ఏడడుగుల సెంటర్, కాలేజీలో ఆడినవి మూడే మ్యాచ్‌లు. మొదటి సీజన్లో 39 మ్యాచ్‌లు ఆడాక మోకాలి గాయం, తర్వాతి సీజన్ మొత్తం బెంచీ మీదే. ఆ సీజన్లోనే, అంటే 2022లో, అతను లేకుండానే మేము టైటిల్ గెలిచాం. 2023 ఫిబ్రవరిలో అతన్ని పంపేసి మా పాత గ్యారీ పేటన్ IIని వెనక్కి తెచ్చుకున్నారు. వైజ్‌మన్ తర్వాత మూడో పిక్‌గా వెళ్ళిన లామెలో బాల్ ఆ ఏటి ఉత్తమ రూకీ (తొలి ఏడాది ఆటగాడు).

ఇది విని ‘చూశారా, ట్రేడ్ చెయ్యాల్సింది’ అనకండి. డీఏంజెలో రసెల్‌ని మినెసోటాకి ఇచ్చినప్పుడు మాకు వచ్చినవి ఆండ్రూ విగిన్స్, ఒక మొదటి రౌండ్ పిక్. విగిన్స్ లేకపోతే 2022 టైటిల్ లేదు. ఆ పిక్ 2021లో ఏడోది అయింది, కుమింగా వచ్చాడు. ఇంకా వెనక్కి వెళ్తే, 2014 వేసవిలో కెవిన్ లవ్ కోసం క్లేని అడిగారు, మావాళ్ళు ఇవ్వలేదు. క్లే అంటే 2011లో 11వ పిక్. లవ్ బేరం వద్దన్న మరుసటి ఏడే, 2015లో, టైటిల్. కరీ 7వ పిక్, క్లే 11, డ్రేమండ్ గ్రీన్ 35. మా వైభవమంతా డ్రాఫ్ట్‌లో దొరికిందే.

నాకు అర్థమైంది ఏమిటంటే, గెలవాల్సిన టీమ్ పిక్ ఉంచుకోవచ్చు, కానీ ఆ పిక్‌తో మూడేళ్ళు నేర్పించాల్సిన పిల్లాణ్ణి తీసుకోకూడదు. అతనికీ మంచిది కాదు, టీమ్‌కీ మంచిది కాదు. ఒక్క తప్పు చేస్తే బెంచీ మీద కూర్చోబెట్టే మ్యాచ్‌లో 19 ఏళ్ళ సెంటర్ ఏం నేర్చుకుంటాడు?

లేకర్స్_కూకట్‌పల్లి
మాది చిన్న కథ. 2019లో లోంజో బాల్, ఇంగ్రమ్, జాష్ హార్ట్, ఆ ఏటి నాలుగో పిక్, ఇంకా మున్ముందు పిక్‌లు ఇచ్చి డేవిస్‌ని తెచ్చాం. 2020లో కప్పు. ఇంగ్రమ్ అదే ఏడు ఆల్‌స్టార్ అయ్యాడు, అయినా నాకు ఏ బాధా లేదు. లెబ్రాన్‌కి అప్పటికే 34 దాటింది. అతని వయసులో ‘పిల్లలు ఎదుగుతారు’ అని కూర్చుంటే ఎలా?

క్లీవ్‌లాండ్ కూడా అంతే చేసింది కదా. 2014లో మొదటి పిక్ విగిన్స్‌ని, అంతకు ముందేడు మొదటి పిక్ ఆంథొనీ బెన్నెట్‌ని మినెసోటాకి పంపి కెవిన్ లవ్‌ని తెచ్చుకుంది. 2016 ఫైనల్స్‌లో గోల్డెన్ స్టేట్ మీద 3-1 వెనకబడి గెలిచింది. ఫ్రీమాంట్ అన్నకి ఆ సిరీస్ గుర్తు చేసినందుకు సారీ.

సెల్టిక్స్_పచ్చ
మా బోస్టన్ కథ అందరికీ తెలిసిందే అయినా ఇందులో జనం వదిలేసే ముక్క ఒకటుంది.

2013లో గార్నెట్, పియర్స్‌లని బ్రూక్లిన్‌కి ఇచ్చాం. వచ్చినవి 2014, 2016, 2018 మొదటి రౌండ్ పిక్‌లు, 2017లో పిక్ మార్చుకునే హక్కు. బ్రూక్లిన్ ఆ ఏడు ఒక్క సిరీస్ గెలిచి మయామీ చేతిలో ఓడింది. 2016-17కి వచ్చేసరికి 20 గెలుపులు, 62 ఓటములతో లీగ్‌లోనే అట్టడుగున ఉంది. అంత ఘోరంగా ఓడినా వాళ్ళకి ఓదార్పుగా మొదటి పిక్ కూడా మిగల్లేదు, అది మాకు వచ్చింది.

బ్రూక్లిన్ ఇచ్చింది చేతిలో ఉన్న పిక్ కాదు. ఇంకా మొహం తెలియని పిక్‌లు. డ్రాఫ్ట్ రాత్రి నీ చేతిలో ఉన్న పిక్ నంబరెంతో తెలుసు, అక్కడ ఎవరు దొరుకుతారో సుమారుగా తెలుసు, ధర కట్టవచ్చు. నాలుగేళ్ళ తర్వాతి పిక్ అంటే నీ టీమ్ అప్పటికి ఎలా ఉంటుందో దాని మీద పందెం. పైగా ముసలి ఆటగాళ్ళని కొనడానికి ఇచ్చావంటే, వాళ్ళు ఆడలేని రోజున టీమ్ పడిపోతుంది, సరిగ్గా ఆ రోజునే పిక్ పక్కవాడికి పోతుంది. విత్తనాల వడ్లు వండుకు తిన్నట్టు.

మేము 2016లో మూడో పిక్‌తో జేలెన్ బ్రౌన్‌ని తీసుకున్నాం. 2017లో మొదటి పిక్ చేతికొచ్చాక ట్రేడ్ చేశాం! ఫిలడెల్ఫియాకి ఇచ్చి మూడో పిక్కూ, ఇంకో మొదటి రౌండ్ పిక్కూ తీసుకున్నాం. వాళ్ళు మార్కెల్ ఫుల్ట్స్‌ని తీసుకున్నారు. మాకు కావాల్సిన జేసన్ టేటమ్ మూడో చోట దొరికాడు. 2024 టైటిల్ ఈ ఇద్దరిదే, బ్రౌన్ ఫైనల్స్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు). చుట్టూ ఉన్న డెరిక్ వైట్, జ్రూ హాలిడే, పోర్జింగిస్ ట్రేడ్‌లలో వచ్చారు. స్టార్లని డ్రాఫ్ట్‌లో పట్టుకుని, వాళ్ళకి తోడుని పిక్‌లిచ్చి కొన్నాం. తిరగేస్తే ఇది కుదరదని నా గట్టి నమ్మకం.

క్యాప్_లెక్కలు
సెల్టిక్స్ పచ్చ గారి మాటకి డబ్బు లెక్క కలుపుతాను, ఎందుకంటే లీగ్‌కీ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య కుదిరిన 2023 ఒప్పందం తర్వాత ఈ ప్రశ్నకి జవాబు కొంత మారింది.

మొదటి రౌండ్ రూకీకి జీతం స్కేలు ప్రకారం ఉంటుంది, నాలుగేళ్ళు, అందులో చివరి రెండేళ్ళు టీమ్ ఇష్టం. ఫ్లాగ్ మొదటి ఏడు, అంటే 2025-26లో, జీతం సుమారు 1.4 కోట్ల డాలర్లు. అదే ఏడు డేవిస్ జీతం 5.4 కోట్లు. ఇద్దరూ ఒకే స్థాయిలో ఆడిన రోజున తేడా 4 కోట్లు, ఆ 4 కోట్లతో ఇంకో ఇద్దరు మంచి ఆటగాళ్ళు వస్తారు. సెకండ్ ఏప్రన్ (టీమ్ మొత్తం జీతాలకి లీగ్ గీసిన పై గీత) దాటిన టీమ్ ఇద్దరి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాణ్ణి తెచ్చుకోలేదు. ఏడేళ్ళ అవతలి మొదటి రౌండ్ పిక్ కూడా స్తంభించిపోతుంది, ట్రేడ్‌లో పెట్టడానికి వీల్లేదు. అందుకే చవక కాంట్రాక్టులో ఉన్న మంచి కుర్రాడు మునుపటికంటే ఇప్పుడు ఎక్కువ విలువ.

ఇంకొకటి. వరసగా రెండేళ్ళు మున్ముందు మొదటి రౌండ్ పిక్ లేకుండా అమ్మేసుకోకూడదని స్టెపియన్ రూల్ ఉంది. 80ల మొదట్లో క్లీవ్‌లాండ్ యజమాని పిక్‌లు అదే పనిగా అమ్మేస్తుంటే లీగ్ పెట్టిన నియమం. కానీ పిక్ ‘స్వాప్’కి, అంటే పిక్ మార్చుకునే హక్కుకి, అది అడ్డు కాదు. మధ్య ఏళ్ళన్నీ స్వాప్‌లతో నింపేసి మొత్తం భవిష్యత్తుని తాకట్టు పెట్టవచ్చు, పెడుతున్నారు.

ఫీనిక్స్_నుంచి
పెట్టారు, మావాళ్ళే పెట్టారు. 2023 ఫిబ్రవరిలో కెవిన్ డ్యురాంట్ కోసం మికాల్ బ్రిడ్జెస్, కామ్ జాన్సన్, ప్రొటెక్షన్ (ముందు స్థానంలో పడితే మాకే ఉండాలన్న షరతు) లేని నాలుగు మొదటి రౌండ్ పిక్‌లు, ఒక స్వాప్. ఆ వేసవిలో బ్రాడ్లీ బీల్. 2024 ప్లేఆఫ్స్‌లో మినెసోటా చేతిలో 4-0. 2025లో 36-46, ప్లేఆఫ్స్ కూడా లేవు.

2025 వేసవిలో డ్యురాంట్‌ని హ్యూస్టన్‌కి పంపారు. వచ్చినవాటిలో ఆ ఏటి పదో పిక్ ఒకటి, దానితో ఖమాన్ మలువాచ్‌ని తీసుకున్నారు. ఆ పదో పిక్ అసలు మాదే! డ్యురాంట్ కోసం బ్రూక్లిన్‌కి ఇస్తే అక్కడి నుంచి హ్యూస్టన్ చేరింది. మా పిక్ మేమే తిరిగి తెచ్చుకోవడానికి డ్యురాంట్‌ని ఇచ్చాం. డ్యురాంట్ వచ్చిన రోజు సంబరాలు చేసుకున్న ఊరు ఇది. మనసు చాలా కష్టపడింది.

లేకర్స్_కూకట్‌పల్లి
ఫీనిక్స్ గారూ, తప్పు ట్రేడ్ చెయ్యడంలో కాదేమో, 34 ఏళ్ళవాడి కోసం చెయ్యడంలో. మేము తెచ్చినప్పుడు డేవిస్‌కి 26.

థండర్_బెజవాడ
వయసు ఒక్కటే కాదు బ్రో. క్లిప్పర్స్ పాల్ జార్జ్‌ని తెచ్చినప్పుడు అతనికి 29, ఎంవీపీ ఓట్లలో మూడో స్థానం. క్లిప్పర్స్‌కి వస్తున్న కవాయ్ లెనర్డ్ అతను కావాలన్నాడు, తెచ్చి ఇచ్చారు. బదులుగా మా ఓక్లహోమాకి ఐదు మొదటి రౌండ్ పిక్‌లు, రెండు స్వాప్‌లు, గలినారి, పైన షే గిల్జస్-అలెగ్జాండర్. అప్పటికి షే ఒక్క సీజన్ ఆడిన 11వ పిక్ మాత్రమే. ఆ పిక్‌లలో ఒకటి 2022లో 12వదిగా పడి జేలెన్ విలియమ్స్ వచ్చాడు. 2025లో మేము 68-14, షే ఎంవీపీ, ఇండియానా మీద ఏడో మ్యాచ్‌లో టైటిల్. అప్పటికే జార్జ్ క్లిప్పర్స్‌ని వదిలి ఫిలడెల్ఫియా వెళ్ళిపోయాడు, క్లిప్పర్స్‌కి బదులుగా ఏమీ రాలేదు.

ఇక్కడ ఫైనల్స్ తెల్లారుజామున వస్తాయి. ఐదో మ్యాచ్‌లో విలియమ్స్ 40 కొట్టినప్పుడు మా నాన్న లేచొచ్చి ఏమైందిరా అని అడిగారు. క్లిప్పర్స్ పిక్ నాన్నా అన్నాను, ఆయనకేం అర్థమవుతుంది!

కింగ్స్_ఎప్పటికీ
మీరంతా ఉంచాలా, అమ్మాలా అని వాదిస్తున్నారు. ఉంచుకుని కూడా పోగొట్టుకున్న టీమ్ మా శాక్రమెంటో.

2018లో రెండో పిక్. డాంచిచ్ యూరప్‌లో పెద్దవాళ్ళతో ఆడి రియల్ మాడ్రిడ్‌ని గెలిపించి వచ్చాడు. మేము మార్విన్ బ్యాగ్లీని తీసుకున్నాం. మూడో పిక్‌తో డాంచిచ్‌ని తీసుకున్న అట్లాంటా అతన్ని డల్లాస్‌కి ఇచ్చి ఐదో పిక్ ట్రే యంగ్‌నీ, మరుసటి ఏటి పిక్కునీ తీసుకుంది.

2015లో ఇంకో పని చేశాం. ఇద్దరు ముగ్గురి జీతాలు వదిలించుకోవడానికి ఫిలడెల్ఫియాకి ఒక మొదటి రౌండ్ పిక్, రెండు స్వాప్‌లు ఇచ్చాం. అందులో ఒక స్వాప్ వల్లే 2017లో మా మూడో స్థానం వాళ్ళకి పోయి మేము ఐదుకి దిగాం. ఆ మూడో స్థానమే పైన సెల్టిక్స్ పచ్చ చెప్పిన ట్రేడ్‌లో బోస్టన్ చేరి టేటమ్ అయింది. బోస్టన్‌కి అదనంగా వచ్చిన ఆ ఇంకో పిక్ ఉంది చూశారా, అదీ మాదే, 2019ది. మాకు ఐదులో డియారన్ ఫాక్స్ దొరికాడు కాబట్టి కొంత తట్టుకున్నాం.

2020లో 12వ పిక్‌తో టైరీస్ హాలిబర్టన్ దొరికాడు. అంత కిందికి జారి రావడమే అదృష్టం. 2022లో అతన్ని ఇండియానాకి ఇచ్చి సబోనిస్‌ని తెచ్చారు. 16 సీజన్లు ప్లేఆఫ్స్ లేకుండా గడిపాక 2023లో చూశాం. ఆ ఆనందం నిజమైనదే, సబోనిస్‌కి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. కానీ 2025లో హాలిబర్టన్ ఇండియానాని ఫైనల్స్‌కి తీసుకెళ్ళాడు. మాకు దొరికింది ఒక మంచి సీజన్, వాళ్ళకి దొరికింది ఒక టీమ్.

నేను చెప్పేది ఒకటే. పిక్ కంటే ముఖ్యం దాన్ని వాడే గది. ఎంపిక చేసేవాళ్ళు నాలుగేళ్ళు నిలకడగా ఒకే కుర్చీలో ఉంటే ఉంచుకోండి. ఏడాదికో కోచ్, రెండేళ్ళకో జీఎం (జనరల్ మేనేజర్) మారే చోట పిల్లాడికి ఎవరు నేర్పుతారు?

పాత_ఆటలు
1980 కూడా రాసుకోండి. బోస్టన్ మొదటి పిక్, 13వ పిక్ గోల్డెన్ స్టేట్‌కి ఇచ్చి రాబర్ట్ పారిష్‌నీ, మూడో పిక్‌నీ తీసుకుంది. మూడో పిక్ కెవిన్ మెక్‌హేల్. 81, 84, 86 టైటిల్స్. పూర్తిగా అమ్మేయకుండా రెండు మెట్లు దిగి దిగినందుకు ప్రతిఫలం రాబట్టడం బోస్టన్‌కి 2017లో కొత్త కాదు.

క్యాప్_లెక్కలు
ఇర్వింగ్ గారూ, మీ డల్లాస్‌కి ప్రత్యేకమైన చిక్కు ఉంది. 2027 నుంచి 2030 దాకా మీ మొదటి రౌండ్ పిక్‌లు ఒక్కటీ పూర్తిగా మీ చేతిలో లేవు కదా?

ఇర్వింగ్_మావ్స్
లేవండి. 2027ది పీజే వాషింగ్టన్ కోసం షార్లెట్‌కి, మొదటి రెండు స్థానాల్లో పడితేనే మాకు. 2028 స్వాప్ ఓక్లహోమాకి, దాంతోనే గాఫర్డ్ వచ్చాడు. 2029ది కైరీ కోసం బ్రూక్లిన్‌కి ఇస్తే ఇప్పుడు హ్యూస్టన్ దగ్గరుంది. 2030 స్వాప్ శాన్ ఆంటోనియోకి. వాషింగ్టన్, గాఫర్డ్, కైరీ ముగ్గురూ మమ్మల్ని 2024 ఫైనల్స్‌కి చేర్చారు, బోస్టన్ చేతిలో 4-1తో ఓడినా ఆ వసంతం మర్చిపోలేను. అప్పుడు ఆ ట్రేడ్‌లు సరైనవే, ఎందుకంటే 25 ఏళ్ళ లూకా మా దగ్గర ఉన్నాడు. లూకాని పంపేశాక ఆ అప్పు మాత్రం మిగిలింది.

మా మిత్రులకి నేను చెప్పలేకపోయిన కారణం ఇదే. ఓడినా పిక్ రాని టీమ్‌కి ఫ్లాగ్ లాంటివాడు ఒక్కడే దారి. 2029లో మా పిక్ హ్యూస్టన్‌కి వెళ్ళే నాటికి అతనికి 22, రూకీ కాంట్రాక్ట్ అప్పటికి పూర్తవుతుంది. ఆ పిక్ ముప్పయ్యో, అంటే మొదటి రౌండ్‌లో చిట్టచివరి, స్థానంలో పడేలా చూసుకోవడమే డల్లాస్ పని.

హ్యూస్టన్ అభిమానులు ఎవరైనా ఉన్నారా? మీ దగ్గర ఇన్ని పిక్‌లుండి డ్యురాంట్‌ని ఎందుకు తెచ్చుకున్నారో, మీకెలా అనిపిస్తోందో రాయండి.