గడువు అయిపోతే కథ మళ్లీ మొదటికి: ఇది మిస్టరీయా, సాగదీతా?

కార్డులపెట్టె:
టైమ్ స్టోరీస్ అనే బోర్డు గేమ్‌లో మొదటి కేసు 'అసైలమ్' నిన్న రాత్రి ముగించాం. నలుగురం, మూడు రన్‌లు (కథను మొదటి నుంచి ఆడే ఒక్కో ప్రయత్నం ఒక రన్). ఆట నాకు చాలా నచ్చింది. ఒక్క విషయం మాత్రం మింగుడుపడలేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. కథలో ఏముందో చెప్పను, ఆడనివాళ్లు కూడా భయం లేకుండా చదవచ్చు.

తెలియనివారి కోసం కొంచెం: 2015లో వచ్చిన ఆట ఇది. మనమంతా కాలంలో ప్రయాణం చేయించే ఒక సంస్థకు ఏజెంట్లం. మన పాత కథల్లోని పరకాయ ప్రవేశం లాగే, శరీరం ఇక్కడే ఉంటుంది, మనసు గతంలోని ఎవరి ఒంట్లోకో వెళ్తుంది. ఈ కేసులో 1921 నాటి మానసిక వైద్యశాలకు వెళ్తాం. అక్కడ ఏం జరుగుతోందో అందరం కలిసి కనిపెట్టాలి. ప్రతి టర్న్‌కీ ఒక టైమ్ యూనిట్ ఖర్చవుతుంది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లాలంటే పాచిక ఎంత చెబితే అంత పోతుంది. యూనిట్లన్నీ అయిపోతే సంస్థ మనల్ని వెనక్కి లాగేస్తుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది.

నా బాధ అక్కడే. మొదటి రన్‌లో ఒక్కో గది బొమ్మ కార్డు పక్కన కార్డుగా పరుచుకుంటుంటే ఊపిరి బిగబట్టి చూశాం. మూడో రన్‌కు వచ్చేసరికి చీటీ పట్టుకుని సరుకులు తెచ్చుకున్నట్టు అయిపోయింది: ఇక్కడికెళ్లు, అది తీసుకో, ఆ మనిషితో మాట్లాడకు, పద. ఒకసారి ఓడించినవాణ్ణే మళ్లీ పాచికలేసి ఓడించాలి. తెలియనిది తెలుసుకోవడం కదా మిస్టరీ అంటే? తెలిసిన పనినే మళ్లీ చేయించడం ఎందుకు?

1981లోనే వచ్చిన షెర్లాక్ హోమ్స్ కన్సల్టింగ్ డిటెక్టివ్ ఆట చూడండి. ఎన్ని చోట్లకైనా తిరగొచ్చు. తెలిసిందనుకున్నప్పుడు ఆపి, మన జవాబును హోమ్స్ జవాబుతో పోల్చుకుంటాం. ఎక్కువ చోట్ల తిరిగితే మార్కులు తగ్గుతాయి, అంతే. నడిచిన వీధిలోనే మళ్లీ నడవమని ఎవరూ అనరు.

నాలుగోకుర్చీ:
మీ అలసట నాకు అర్థమవుతోంది, కానీ ఒప్పుకోలేను. ఆ వెనక్కి తిరగడం తీసేస్తే ఇందులో సైన్స్ ఫిక్షన్ ఏం మిగులుతుంది? పాత ఆసుపత్రిలో ఒక డిటెక్టివ్ కథ మిగులుతుంది. కాలప్రయాణం అట్టపెట్టె మీద బొమ్మగా ఉండిపోతుంది. ఒకే రోజును మళ్లీ బతకగలగడం, ఈసారి తెలిసి బతకడం, ఈ ఆటకు ప్రాణమే అది. కూడబెట్టిన వస్తువులు పోయినా, మనం తెలుసుకున్నది మాత్రం మనతోనే ఉంటుంది. ఏజెంటుకు ఉన్న ఒకే ఒక్క ఆయుధం జ్ఞాపకం. ఆ సంగతి రూల్సు పుస్తకం చెబితే అర్థమయ్యేది కాదు, రెండో రన్‌లో చేతికి తగిలితేనే తెలుస్తుంది.

ఇంకో మాట. కార్డు వెనకాల ఉన్నదాన్ని ఆ కార్డు దగ్గరికి వెళ్లినవారే చదవాలి. ఉన్నదున్నట్టు చదివి వినిపించకూడదు, సొంత మాటల్లో చెప్పాలి. మా మొదటి రన్‌లో ఒక స్నేహితురాలు తను చూసిన బొమ్మను చక్కగా వర్ణించింది, ఒక చిన్న వివరం తప్ప. అది అలంకారమే అనుకుని వదిలేసింది. రెండో రన్‌లో అదే కార్డు దగ్గరికి నేను వెళ్లాను. ఆ వివరం చూడగానే ఒళ్లు జలదరించింది! జవాబు మొదటి నుంచీ మా బల్ల మీదే ఉంది, మా మాటల్లోకే రాలేదు. ఒకే రన్‌తో అయిపోయే ఆటలో ఇలా జరగదు.

మీరు మూడుసార్లూ అవే పాత్రలు తీసుకుని, ఎవరు చూసిన కార్డు వాళ్లే మళ్లీ చూశారా? అలాగైతే సరుకుల చీటీయే అవుతుంది. పాత్రలు మార్చుకోండి, కార్డులు మార్చుకోండి.

నిశ్శబ్దపుటేజెంట్:
ఇద్దరికీ ఒకటి చెప్పాలి. రెండో రన్ విసుగనిపించేది తెలిసిన పని చేయడం వల్ల కాదు, ఒక్కరే నడిపించడం వల్ల. కలిసి ఆడే ఆటలన్నిటికీ ఉన్న పాత జబ్బే ఇది. 2008లో వచ్చిన పాండెమిక్ అనే ఆటలో సమాచారమంతా అందరి ముందూ ఉంటుంది కాబట్టి, గట్టిగా మాట్లాడేవారు అందరి టర్న్‌లూ ఆడేస్తారు. 2019లో వచ్చిన ద క్రూ అనే కార్డుల ఆట దీనికి మంచి మందు కనిపెట్టింది: అంతరిక్ష యాత్రలో ఒక్కో మిషన్‌కు ఒక్కొక్కరు తమ కార్డుల గురించి ఒక్కసారే సైగ చేయగలరు.

టైమ్ స్టోరీస్ మొదటి రన్‌లో మనల్ని కాపాడేది నాలుగోకుర్చీ గారు చెప్పిన రూలే. ఎవరి కార్డు వారికే తెలుసు కాబట్టి అందరి మాటా కావాలి. రెండో రన్‌కు ఆ రక్షణ పోతుంది. బాగా గుర్తున్నవారే నాయకులు. మా బల్ల దగ్గర మూడో రన్ మొత్తం ఒకరు నోరు విప్పలేదు. ఆట అయ్యాక "నేను లేకపోయినా సరిపోయేది" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది, ఎందుకంటే ఆ రోజు అందరినీ నడిపించింది నేనే.

కార్డులపెట్టె:
నాలుగోకుర్చీ గారూ, నిజమే, మేము పాత్రలు మార్చలేదు. కుదురుకున్న జట్టును ఎందుకు కదపాలి అనుకున్నాం. ఆ కార్డు సంగతి చదివాక మళ్లీ ఆడాలనిపించింది, కానీ అసైలమ్ మాకు ఇక అయిపోయింది. అదీ ఒక బాధే.

పాచికల విషయంలో మాత్రం నేను తగ్గను. దారిలో పాచిక చెడ్డగా పడి రెండు యూనిట్లు ఎక్కువ పోవడం మా ఆలోచనలో తప్పు కాదు. ఆలోచన తప్పితే వెనక్కి పంపండి, సంతోషంగా వెళ్తాం. క్రానికల్స్ ఆఫ్ క్రైమ్ 2400 అనే డిటెక్టివ్ ఆటలో కూడా గడియారం నడుస్తుంది, ప్రయాణానికీ ప్రశ్నలకీ సమయం పోతుంది. కానీ అక్కడ పాచికలు లేవు, సమయం ఎక్కడ ఖర్చు పెట్టామో మాకు తెలుసు.

అందుకే ఒక సొంత రూలు అనుకున్నాం: ముందు రన్‌లో నెగ్గిన పోరాటానికి మళ్లీ పాచికలు వెయ్యక్కర్లేదు, ఒక యూనిట్ ఇచ్చి దాటెయ్యొచ్చు.

నాలుగోకుర్చీ:
పాచికల మాట మీదే నిజం, అక్కడ వాదించను. మీ రూలులో ఆ ఒక్క యూనిట్ ఖర్చు ఉండటం బాగుంది. ఉచితంగా దాటనిస్తే గాయపడే భయం పూర్తిగా పోయేది. టైమ్ స్టోరీస్‌లోనే 1992లో జరిగే 'మార్సీ కేస్' మాకు ఇంకా మిగిలి ఉంది, దానిలో ప్రయత్నిస్తాం.

నిశ్శబ్దపుటేజెంట్:
మేమూ అదే కేసు మొదలుపెట్టబోతున్నాం. ఈసారి నోట్సు పుస్తకం నా దగ్గర ఉంచుకోను. మొదటి రన్‌లో తక్కువ మాట్లాడినవారి చేతికిచ్చి, రెండో రన్‌లో ఎక్కడికి వెళ్లాలో ముందు వాళ్లనే చెప్పమంటాను.