సెవెన్ కార్డ్ స్టడ్ హై-లో: నోటితో చెప్పిందే చెల్లాలా, ముక్కలు చూసి పంచాలా?

ప్లానో_వాసి:
శనివారం రాత్రి ఇక్కడ టెక్సస్‌లో తెలిసినవాళ్ల ఇంట్లో ఆట, క్వార్టర్ నాణేలతో. సెవెన్ కార్డ్ స్టడ్, అంటే ఏడు ముక్కలు పంచి మంచి ఐదు చూసే పోకర్ ఆట. పాట్‌లో, అంటే పోగైన పందెం డబ్బులో, సగం హైకి (అన్నిటికంటే పెద్ద ఐదు ముక్కలకి), సగం లోకి (అన్నిటికంటే చిన్న ఐదు ముక్కలకి). చివరికి ముగ్గురం మిగిలాం. నాకు 3, 4, 5, 6, 7, ఇంకా ఒక పది, ఒక రాణి. ఒకాయనకి రాజులు, తొమ్మిదుల జతలు. ఇంటాయన బావమరిదికి రెండు ఆసులు, రెండు ఎనిమిదులు, 2, 4, 6. ఆఖరి పందెం పెంచింది నేను కాబట్టి హైయో లోనో ముందు నన్నే చెప్పమన్నారు. వరసగా ఐదు అంకెలు, స్ట్రెయిట్ ఉందిగా, "హై" అన్నాను. రాజులాయనా "హై". బావమరిది "లో" అని సగం తీసుకున్నాడు. కానీ నా 7-6-5-4-3 లోకి కూడా ఆయనకంటే మంచిది. మొత్తం పాట్ నాదే కదా?

ఇస్పేట్_రాజు:
కాదు. హై అన్నారు, హై సగం తీసుకున్నారు. "రెండూ" అనాల్సింది. డిక్లేర్ ఆటలో, అంటే ఏ వైపుకి పోటీయో ముక్కలు తిప్పేముందే చెప్పే ఆటలో, నోటి మాటే మాట.

లెక్కల_మాస్టారు:
అసలు లోకి మీవి ఆయనకంటే మంచివెలా? మీవి కూడితే 25. బావమరిదివి 8, 6, 4, 2, ఆసు కలిపి 21. తక్కువ ఎవరిది?

నైట్‌షిఫ్ట్:
మాస్టారూ, ఇది రమ్మీ కాదు, పాయింట్లు కూడరు. పెద్ద ముక్క నుంచి పోల్చాలి. ఏడు, ఎనిమిది కంటే చిన్నది. అక్కడితో తేలిపోయింది. లోలో స్ట్రెయిట్, ఫ్లష్ (ఐదూ ఒకే రంగు) అడ్డు రావు.

లెక్కల_మాస్టారు:
ఆసు ఉన్నవాడు ఓడిపోవడం ఏం న్యాయమండీ? ఆసు ఒకటి కదా.

నైట్‌షిఫ్ట్:
ఆసు ఒకటే. హైలో పెద్దది, లోలో చిన్నది, రెండు వైపులా పనికొస్తుంది. కానీ ముందు చూసేది పైముక్కనే. ఎనిమిది దగ్గరే ఆయన పోయాడు.

ప్లానో_వాసి:
క్యాసినోలో ఎవరూ ఏమీ చెప్పరు. ముక్కలు తిప్పుతారు, డీలర్ చూసి పంచుతాడు. లోకి ఎనిమిది దాటని ఐదు వేర్వేరు ముక్కలు కావాలి, ఎవరికీ లేకపోతే హై మొత్తం పట్టుకుపోతుంది. హార్స్ (HORSE) అని ఐదు పోకర్ ఆటలు వరసగా ఆడతారే, అందులో చివరి 'ఈ' ఇదే, ఎయిట్ ఆర్ బెటర్. ప్రపంచమంతా ఒక పద్ధతి ఉంటే ఈ ఇంట్లో ఇంకోటేమిటి?

కృష్ణాతీరం:
తెలంగాణలో 2017 సవరణ తర్వాత డబ్బు పెట్టి ఆడితే కేసే. చూసుకోండి.

నైట్‌షిఫ్ట్:
ఆయన ఉన్నది టెక్సస్‌లో. సొంత ఇంట్లో ఆడుకుని, ఇంటివాళ్లు పాట్‌లోంచి కోత తీసుకోకపోతే ఇబ్బంది లేదు.

ఇస్పేట్_రాజు:
ప్లానో గారూ, డిక్లేర్‌లో ఉన్న అందం మీరు చూడట్లేదు. పైకి 2, 4, 6 కనిపిస్తూ లోపల చెత్త పెట్టుకున్నవాడు ధైర్యంగా లోకి వెళ్తే, నిజంగా లో ఉన్నవాడే బెదిరి హై అనొచ్చు. ముక్కలే మాట్లాడితే ఆ ధైర్యానికి చోటేది? "రెండూ" అన్నవాడు ఒక్క వైపు ఓడినా మొత్తం పోగొట్టుకుంటాడు. ఆ గుండెదిటవు ఉన్నవాడికే మొత్తం పాట్. మీరు ఆ సాహసం చేయకుండా ఫలితం అడుగుతున్నారు.

ప్లానో_వాసి:
మొత్తం పోయేది ఆయనకి కాదు కదా! ఆఖరున చెప్పాడు. ఇద్దరం హై అన్నాక, లో ఖాళీగా ఉందని తెలిశాక చెప్పాడు. అందులో ధైర్యమేముంది?

నైట్‌షిఫ్ట్:
ఆగండి. వరసగా నోటితో చెప్పించారా? పిడికిలి పట్టలేదా?

ప్లానో_వాసి:
లేదు. ఒకరి తర్వాత ఒకరు.

నైట్‌షిఫ్ట్:
అయితే గొడవ అక్కడే ఉంది. చిల్లర బల్ల కిందకి తీసుకెళ్లి, అందరూ పిడికిలి పైన పెట్టి, ఒక్కసారి తెరవాలి. మా దగ్గర ఖాళీ చెయ్యి లో, ఒక నాణెం హై, రెండు నాణేలు రెండూ. అప్పుడు బావమరిది ఆసుల జతలు చూసుకోవాలా, ఎనిమిది లో చూసుకోవాలా అని చెమటలు పట్టేవి. హై అని ఉంటే మీ స్ట్రెయిట్‌కి ఓడేవాడు, లోకి ఎవరూ లేక మొత్తం పాట్ మీకే వచ్చేది.

ఇస్పేట్_రాజు:
హై అనేవాడని ఎవరు చెప్పగలరు? వరసగా చెప్పడం కూడా ఆటే. ఎవరు ఆఖరున ఉంటారో చూసుకుని పందెం పెంచాలి. మీరే పెంచారు, మీరే ముందు చెప్పారు.

ప్లానో_వాసి:
అలా చెప్పాలన్న సంగతి ఏడో ముక్క పంచాక చెప్పారండీ! అప్పటిదాకా "డిక్లేర్" అన్న మాటే ఎవరి నోటా రాలేదు. అడిగితే "మా ఇంట్లో ఇంతే" అన్నాడు ఇంటాయన. మీరూ అదే పాట. బావమరిదిని కాపాడ్డానికి మీకేమిటంత పట్టింపు?

ఇస్పేట్_రాజు:
పట్టింపు ఎందుకంటే మా ఇంట్లోనూ ఆట జరుగుతుంది. పిల్లలు చిన్నగా ఉన్నప్పటినుంచీ అదే గుంపు. ఒక్లహామా క్యాసినోలు తిరిగొచ్చి ఒకతను వారం వారం మా పద్ధతి తప్పు, మా పంపకం తప్పు అనేవాడు. పాట్ గెలిచిన రోజు మాత్రం అనేవాడు కాదు. చివరికి ఇద్దరు ముగ్గురు రావడం మానేశారు. అలాంటివాళ్లని చూసి విసిగిపోయాను.

ప్లానో_వాసి:
అతనెవరో నాకు తెలియదు, అతని లెక్క నామీద రాయకండి. క్యాసినో పద్ధతే పెట్టమని నేను పట్టుబట్టను. యాంటీ (ఆట మొదట్లో అందరూ వేసే చిల్లర) వేసే ముందు "ఇది డిక్లేర్" అని ఉంటే నోరు మూసుకునేవాణ్ణి. ముక్కలన్నీ చేతికొచ్చాక నియమం పెట్టేవాళ్లతో కూర్చోవాలా వద్దా, నాకు తేలాల్సింది అది.

లెక్కల_మాస్టారు:
21 కంటే 25 ఎలా తక్కువో ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఇస్పేట్_రాజు:
ముందు చెప్పకపోవడం ఇంటాయన తప్పే, ఒప్పుకుంటాను. పాట్ వెనక్కి ఇమ్మని మాత్రం అడగొద్దు. ఆ రాత్రి పంచిన చిల్లర మళ్లీ పంచితే వచ్చే వారం ఎవరూ రారు.