జర్మనీలో 'నా?' అని పలకరిస్తే ఏం బదులివ్వాలి?

ప్రశ్న: చదువుకోవడానికి డ్రెస్డెన్ వెళ్తున్నాను. జర్మన్ బీ1 (మధ్యస్థాయి) దాకా అయింది. క్లాసులో 'వీ గేట్ ఎస్ ఈనెన్?' (మీరు ఎలా ఉన్నారు?) నేర్పారు. ఫ్రెండ్స్ మధ్య కబుర్లలో అసలు ఏమంటారు?

జవాబు: మీకు నేర్పింది 'మీరు' అనే మర్యాదలో ఉంది. తోటి స్టూడెంట్లతో అలా మాట్లాడితే శుభలేఖ చదివినట్టుంటుంది. అక్కడ స్టూడెంట్లు మొదటి రోజు నుంచే ఒకరినొకరు 'డూ', అంటే 'నువ్వు' అనుకుంటారు. 'వీ గేట్స్?' (ఎలా ఉన్నావ్?) చాలు.

అంతకంటే చిన్న పలకరింపు 'నా?'. ఒక్క అక్షరమే, చివర గొంతు కాస్త లేస్తుంది. మన 'ఏంటి సంగతులు?' లాంటిదే. బదులుగా మీరూ 'నా?' అంటే సరిపోతుంది, పెద్దగా ఏం చెప్పక్కర్లేదు. తర్వాత మాటలు ఇలా సాగుతాయి:

— నా?
— నా! వీ గేట్స్?
— ముస్ యా. ఉంట్ సెల్ప్‌స్ట్?
— లోయ్ఫ్ట్.

'ముస్ యా' అంటే 'ఏదో, నడవాలిగా' అని. కాస్త పెద్దవాళ్ల నోట ఎక్కువ. 'ఉంట్ సెల్ప్‌స్ట్?' అంటే 'నీ సంగతేంటి?'. 'లోయ్ఫ్ట్' కుర్రకారు మాట, 'బానే నడుస్తోంది' అని. అంతంతమాత్రంగా ఉంటే 'గేట్ జో' అనండి.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. 'వీ గేట్స్?' అని ఫ్రెండ్ అడిగితే చాలాసార్లు నిజంగానే అడుగుతున్నట్టు. బాగాలేకపోతే బాగాలేదనే చెప్పండి. 'వాస్ ఈస్ట్ లోస్?', అంటే 'ఏమైంది?' అని అడిగి, కూర్చుని వింటారు. కొత్త ఊళ్లో స్నేహాలు అక్కడే మొదలవుతాయని నా గట్టి నమ్మకం.

ఇంకొకరు: పార్ట్‌టైమ్ ఉద్యోగంలో చేరితే మధ్యాహ్నం 'మాల్‌త్సైట్!' అని వినబడుతుంది. భోజనాల వేళ అని అర్థం.

ప్రశ్న అడిగినవారు: అంటే మన 'తిన్నావా?' లాగానా? 'ఇంకా లేదండీ' అనాలా?

ఇంకొకరు: లేదు లేదు, అది ప్రశ్న కాదు. తిరిగి 'మాల్‌త్సైట్' అనేసి నడుస్తూ పోవడమే. అవతలివాళ్లు తిని వస్తున్నా, తినడానికి వెళ్తున్నా అదే మాట. ఫ్రెండ్స్ మధ్య కంటే ఆఫీసు వరండాల్లో, క్యాంటీన్ దారిలో ఎక్కువ.

మొదట జవాబిచ్చినవారు: ప్రాంతాన్ని బట్టి పలకరింపూ మారుతుంది. హాంబుర్గ్ వైపు సాయంత్రమైనా 'మోయిన్' అంటారు. మ్యూనిక్‌లో వచ్చినప్పుడూ వెళ్లేటప్పుడూ 'సెర్వుస్'. మీరు వెళ్లే డ్రెస్డెన్‌లో 'ను' అని వినబడితే ఇంగ్లీషు 'నో' అనుకునేరు. సాక్సనీ యాసలో అది 'అవును'. మన 'కదా' లాంటి తోకలు కూడా ఊరికొకటి: దక్షిణాన 'గెల్?', బెర్లిన్‌లో 'వా?'. వీటిని ముందే బట్టీ పట్టకండి. మీ పక్కన కూర్చునేవాళ్లు ఏది వాడుతున్నారో విని అదే పట్టుకోండి.