అప్‌డేట్: నడుస్తూ నడుస్తూ ఇంజన్ ఆగిపోయే సమస్య తేలింది

ఇంజన్ వేడెక్కాక ఉన్నట్టుండి ఆగిపోతోందని, ఆగేముందు ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడిపోతోందని ఇంతకుముందు అడిగాను. క్రాంక్ సెన్సార్ (ఇంజన్ ప్రధాన ఇరుసు అయిన క్రాంక్ ఏ స్థానంలో ఉందో పసిగట్టేది) ఒక్కటే మార్చేయకుండా, క్రాంక్‌తో పాటు తిరుగుతూ ఆ సెన్సార్‌కి సిగ్నల్ ఇచ్చే పళ్ల చక్రం కూడా చూడమన్నవాళ్లకి థాంక్స్. లోపం అక్కడే ఉంది.

సెన్సార్ విప్పితే దాని మొనకి ఇనుప రజను దట్టంగా అంటుకుని ఉంది. లోపల అయస్కాంతం ఉంటుంది కదా, లాగేసుకుంటుంది. తుడిచాక, ఆ రంధ్రంలోంచి టార్చ్ వేసి ఇంజన్‌ని చేత్తో మెల్లగా తిప్పించాను. ఒక పన్ను అంచు పక్కకి వంగి ఉంది.

నా బండిలో ఉన్నది 60-2 చక్రం. అరవై పళ్లకి చోటు, అందులో రెండు కావాలనే తీసేస్తారు. ఒక్కో పన్నుకి 6 డిగ్రీలు. ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) పన్నుకీ పన్నుకీ మధ్య పట్టే సమయాన్ని కొలుస్తూ ఉంటుంది. ఖాళీ దగ్గర ఆ సమయం సుమారు మూడింతలవుతుంది, లెక్క అక్కడినుంచే మొదలు. వంగిన పన్ను దగ్గర సిగ్నల్ బలహీనపడితే ఈసీయూకి లేని ఖాళీ కనిపిస్తుంది. లెక్క తప్పిందనుకుని స్పార్కూ ఇంధనమూ ఆపేస్తుంది.

పిస్టన్ పైకి వస్తున్నది కంప్రెషన్ స్ట్రోకులోనా (గాలిని నొక్కేది), ఎగ్జాస్ట్‌లోనా (పొగని బయటికి తోసేది) అన్నది మాత్రం ఈ చక్రం చెప్పలేదు. నాలుగు స్ట్రోకులకి క్రాంక్ రెండుసార్లు తిరుగుతుంది, వాల్వుల్ని తెరిచే క్యామ్ ఇరుసు మాత్రం ఒక్కసారే తిరుగుతుంది, అందుకే దానికి క్యామ్ సెన్సార్ వేరే ఉంటుంది. నాది బాగానే ఉంది.

పన్నుని సరిచేయడానికి మెకానిక్ ఒప్పుకోలేదు, నాకూ అదే మంచిదనిపించింది. గేర్‌బాక్స్ దింపి చక్రమే మార్చారు. ఇప్పుడు ఎంత వేడెక్కినా ఆగడం లేదు.