పదకొండో తరగతి పాపకు ఇంగ్లీష్ లిటరేచర్ ఇంట్లో ఎలా చదివించాలి?

ప్రశ్న (తిరుపతి, ఒక పేరెంట్): మా పాప కథ గడగడా చెప్పేస్తుంది. "ఈ లైన్లో కవి ఏం చేశాడు" అని అడిగితే మాత్రం గైడులో వాక్యాలే దించేస్తోంది. మ్యాథ్స్, ఫిజిక్స్‌కు ట్యూషన్లు వీధికొకటి, దీనికి దొరకడం లేదు. నాకు ఇంగ్లీష్ ఓ మాదిరిగా వచ్చు. సిలబస్‌లో షేక్‌స్పియర్ సానెట్ 18 (పద్నాలుగు లైన్ల పోయెమ్), మాక్‌బెత్ నాటకం ఉన్నాయి.

జవాబు 1 (ఇంగ్లీష్ లెక్చరర్, చిత్తూరు): గైడు చింపక్కర్లేదు మేడమ్, చివర్లో తీయమనండి చాలు. ముందు పోయెమ్‌ను లైనుకూ లైనుకూ మధ్య రెండు వేళ్ల వెడల్పు ఖాళీ వదిలి చేత్తో రాయించండి. తర్వాత పైకి చదవాలి. లైను చివర ఆగకూడదు, కామా, ఫుల్‌స్టాప్ దగ్గరే ఆగాలి. పిల్లలు లైను లైనుకూ ఆగేసరికి వాక్యం తెగిపోయి అర్థం చేతికి చిక్కదు.

ఇక పెన్సిల్‌తో మలుపు వెతకమనండి. సానెట్ 18లో తొమ్మిదో లైను "బట్" అని మొదలవుతుంది. అంతవరకూ వేసవికున్న లోపాలే చెబుతాడు, అక్కడ మాట తిప్పుతాడు. ఆఖరి రెండు లైన్లలో, ఈ పద్యం చదివేవాళ్లున్నంత కాలం నువ్వూ ఉంటావంటాడు.

మే నెల తిరుపతి ఎండ తెలిసిన పిల్లకు "నిన్ను వేసవి రోజుతో పోల్చనా" అంటే తిట్టులా వినిపిస్తుంది! ఇంగ్లండ్‌లో వేసవి హాయైన కాలం. తొందరగా అయిపోతుందనే కవి బాధ. ఇది ముందే చెప్పకపోతే పోయెమంతా తలకిందులవుతుంది.

జవాబు 2: ఛందస్సు దగ్గర జాగ్రత్త. తెలుగు క్లాసు అలవాటుకొద్దీ గురులఘువులు పెట్టేస్తారు. "షల్ ఐ కంపేర్ దీ"లో "కం", "దీ" రెండూ మన లెక్కలో గురువులే. ఇంగ్లీష్‌లో వాటి మీద ఊనిక లేదు, "పేర్" మీద ఉంది. అక్షరం పొడవు కాదు, గొంతు ఎక్కడ నొక్కుతుందో చూడాలి. లైనుకు పది సిలబుల్స్, ఐదు ఊనికలు. బల్ల మీద తట్టిస్తే పట్టేస్తారు.

జవాబు 3: మాక్‌బెత్‌లో బ్రాకెట్లలో ఉండే స్టేజి డైరెక్షన్లు (ఎవరు ఎప్పుడు వస్తారో, ఏం చేస్తారో చెప్పే సూచనలు) వదలొద్దు. మొదటి అంకం నాలుగో సీన్‌లో, మొహం చూసి మనసు కనిపెట్టే విద్య లేదంటాడు రాజు డంకన్, తనకు ద్రోహం చేసిన కాడర్ ప్రభువు గురించి. ఆ మాట పూర్తవుతుండగానే, తర్వాత ఆ రాజును చంపబోయే మాక్‌బెత్ వస్తాడు. మన ఊళ్లలో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం ఆడేటప్పుడు, జూదానికి కూర్చున్న ధర్మరాజుకు తెలియనిది జనానికి తెలుసు కదా, డ్రమాటిక్ ఐరనీ అంటే అదే.

పేరెంట్: అర్థం తెలుగులో చెప్పొచ్చా సార్?

జవాబు 1: చర్చ తెలుగులోనే పెట్టుకోండి, రాత మాత్రం ఇంగ్లీష్‌లో. ఒక పేరాకు ఒక్క పాయింట్, మూల పాఠం నుంచి మూడు నుంచి ఆరు మాటలు, ఆ మాటలే ఎందుకు వాడాడో రెండు వాక్యాలు. ఈ మూడోదే గైడులో ఉండదు, మార్కులు పోయేదీ అక్కడే. నాలుగేసి లైన్లు కోట్ చేస్తే పేజీ నిండుతుంది గానీ విశ్లేషణకు చోటుండదు. మూడు గంటల్లో 80 మార్కుల పేపరైతే మార్కుకు 2 నిమిషాలు లెక్కేసి రాయించండి. మిగిలే 20 నిమిషాలు ప్రశ్నలు చదవడానికీ, దిద్దుకోవడానికీ.